షికాగోలో ఏటా తేలే ‘మిగులు’ ఎవరి సొమ్ము?

బడ్జెట్ రోజులు వచ్చాయంటే షికాగో సిటీ హాల్‌లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: టిఫ్ సర్‌ప్లస్. 2024 బడ్జెట్‌లో అది 43.4 కోట్ల డాలర్లు, 2025లో 57 కోట్లు. 2026కి మేయర్ బ్రాండన్ జాన్సన్ ప్రతిపాదించింది ఏకంగా 100 కోట్ల డాలర్లు. లోటుతో అల్లాడుతున్న నగరంలో ఏటేటా ఇంత డబ్బు మిగలడమేమిటి?

టిఫ్ అంటే ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్. వెనకబడిందని చెప్పి నగరం ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తుంది. ఆ రోజు అక్కడి ఆస్తుల విలువ ఎంతుందో అక్కడే ఆపేసి, దాని మీద వచ్చే పన్నును మాత్రమే స్కూళ్లు, పార్కులు, కౌంటీ, నగరం పంచుకుంటాయి. ఆ తర్వాత విలువ ఎంత పెరిగినా, ఆ పెరుగుదల మీద పన్నంతా 23 ఏళ్లపాటు విడి ఖాతాలోకి పోతుంది. రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటే 35 ఏళ్లు. ఆ డబ్బుతో రోడ్లు వేసి, డెవలపర్లకు సాయం చేసి ప్రాంతాన్ని నిలబెట్టాలి.

షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం 1977లో దీనికి చట్టం చేసింది. షికాగోలో మొదటి జోన్ 1984లో డౌన్‌టౌన్‌లో వచ్చింది. రిచర్డ్ ఎం. డేలీ 2011లో మేయర్ పదవి నుంచి దిగేనాటికి జోన్లు 160 దాకా పెరిగాయి. ఇప్పుడు సంఖ్య తగ్గినా ఏడాదికి వీటిలో పడే పన్ను 100 కోట్ల డాలర్ల పైమాటే.

టిఫ్ వల్ల పన్ను రేటు పెరగదని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. కాగితం మీద ఆ మాట నిజమే అనిపిస్తుంది. కానీ అక్కడ స్కూల్ బోర్డు లాంటి సంస్థలు ముందు తమకు ఎంత సొమ్ము కావాలో తేల్చుకుంటాయి, దాన్ని బట్టి రేటు కడతారు. టిఫ్ గీతల లోపల పెరిగిన విలువ ఆ లెక్కలోకి రాదు కాబట్టి మిగతా ఆస్తుల మీద రేటు ఎక్కువ పడుతుంది. అంటే ఆ భారం మోసేది గీత బయటి ఇంటి యజమాని కూడా. షికాగో చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను కదిపితే ఆస్తి పన్ను బిల్లు గురించి గంటసేపు చెబుతారు. దాని వెనకున్న ఈ మెలిక మాత్రం చాలామందికి తెలియదు.

టిఫ్‌కి అసలు షరతు ఒకటుంది: ఈ సాయం లేకపోతే ఆ అభివృద్ధి జరిగేది కాదని చూపించాలి. 2019 ఏప్రిల్‌లో లింకన్ యార్డ్స్‌కు 130 కోట్ల డాలర్లు, ‘ది 78’కి 110 కోట్ల దాకా టిఫ్ హామీ ఇచ్చారు; రెండూ భారీ నిర్మాణ ప్రాజెక్టులు. మొదటిది లింకన్ పార్క్ లాంటి సంపన్న ప్రాంతం పక్కన, రెండోది డౌన్‌టౌన్‌కి ఆనుకుని. మేయర్ రామ్ ఇమాన్యుయేల్ ఇంకొన్ని వారాల్లో దిగిపోతారనగా ఇదంతా జరిగింది. డెవలపర్ ముందు కట్టాలి, తర్వాతే డబ్బు అన్న నిబంధన ఉండబట్టి సరిపోయింది. లేకపోతే, చాలామటుకు ఖాళీగా పడి ఉన్న లింకన్ యార్డ్స్ స్థలం ప్రజలకు ఇంకెంత బరువయ్యేదో.

పెరుగుదల ఎక్కడుంటే డబ్బు అక్కడే పోగవుతుంది. అందుకే డౌన్‌టౌన్ చుట్టూ ఖాతాలు నిండుతాయి, పేద పేటలు ఎక్కువున్న సౌత్ సైడ్, వెస్ట్ సైడ్‌లలో చాలా జోన్లు వెలవెలబోతాయి. ఒక జోన్ డబ్బును ఇంకో జోన్‌కు మళ్లించవచ్చు గానీ, ఆ రెండూ పక్కపక్కన ఉండాలి. పేద పేటల కోసం పుట్టిన పథకం ఇలా తయారైంది.

ఇక మిగులు సంగతి. ఖాతాలో వాడని డబ్బును మిగులుగా ప్రకటిస్తే అది పన్ను సంస్థలన్నిటికీ వాటి వాటా ప్రకారం తిరిగి వెళుతుంది. సగానికి పైగా స్కూళ్లకు, కొంత నగరానికి. 2025 మిగులులో స్కూళ్ల వాటా 31.1 కోట్ల డాలర్లు. దాన్ని స్కూళ్లకు చేసిన మేలుగా చెప్పుకోవడం చూస్తే అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత గుర్తొస్తుంది. ఆ డబ్బులో స్కూళ్ల భాగం మొదటి నుంచీ వాళ్లదే. పైగా అదే సమయంలో ఉద్యోగుల పెన్షన్ కింద 17.5 కోట్లు కట్టమని స్కూల్ డిస్ట్రిక్ట్ మీద నగరం ఒత్తిడి పెట్టింది.

నన్ను ఇబ్బంది పెట్టేది మిగులు తీయడం కాదు, తీయాల్సిందే. ఎంత తీయాలో ప్రతి ఏడాదీ లోటును బట్టి తేలడమే నాకు మింగుడుపడదు. ఈ ఏడాది బడ్జెట్ గొయ్యి లోతుగా ఉంటే టిఫ్‌లో మిగులూ ఎక్కువే తేలుతుంది. అలాంటప్పుడు ఆ జోన్లకు ఎంత అవసరమో ఎవరైనా నిజంగా లెక్క చూస్తున్నారా? స్కూల్ బోర్డు మాత్రం వచ్చే ఏడాది ఎంత వస్తుందో తెలియకుండా టీచర్ల జీతాలు ప్లాన్ చేసుకోవాలి.

2024లో సిటీ కౌన్సిల్ ఒక మంచి అడుగు వేసింది. గడువు తీరిన టిఫ్‌లను పొడిగించకుండా వదిలేసి, 125 కోట్ల డాలర్ల బాండ్లు తీసి ఇళ్లకు, ఉపాధికి వాడాలని ఒప్పుకుంది. జోన్ ముగిస్తే దాని విలువ మొత్తం అందరి లెక్కలోకి వస్తుంది. అప్పు తీర్చే భారం ఉంటుంది, కాదనను. కానీ ఆ అప్పు నగరం పుస్తకాల్లో బాహాటంగా కనబడుతుంది.

రైల్వే లైన్ల కోసం 2016లో తెచ్చిన ట్రాన్సిట్ టిఫ్‌ని చూడండి. అందులో స్కూళ్ల వాటా ముందే పక్కకు తీస్తారు. తర్వాత మిగిలినదానిలో 80 శాతం రైళ్లకు, 20 శాతం ఇతర సంస్థలకు వెళుతుంది. అలా రాసినా రెడ్, పర్పుల్ లైన్ల పని ఆగలేదు. మామూలు టిఫ్ జోన్లకు ఆ నియమం ఎందుకు వర్తించదో సిటీ హాల్‌లో ఎవరూ సూటిగా చెప్పరు.