‘గుజ్జు అరిగిపోయింది’ అన్న మాటకే ముందు వైద్యం చేయాలి

మా పెద్దమ్మకు అరవై ఎనిమిదేళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు. రెండేళ్ల కిందట మోకాలు నొప్పని వెళ్తే ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి ఒక్కటే మాట అన్నాడట: "గుజ్జు అరిగిపోయిందమ్మా." ఆ రోజు నుంచి ఆమె గుడికి వెళ్లడం మానేసింది. మేడ మెట్లు ఎక్కడం మానేసింది. పెరట్లో రెండు రెబ్బల కరివేపాకు కావాలన్నా పక్కింటి పిల్లను కేకేయడం మొదలుపెట్టింది. "ఉన్న కాస్త గుజ్జునీ అరగ్గొట్టుకోవడం ఎందుకే?" అని నన్నే అడిగింది. ఆమె లెక్కలో తప్పు లేదు. టైరు అరిగితే బండి తక్కువ తీస్తాం, చెప్పు అరిగితే తక్కువ నడుస్తాం. తప్పంతా ఆ మాటలో ఉంది.

నొప్పి గురించి మనం మాట్లాడే భాష మొత్తం మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చుకున్నదే. గుజ్జు అరిగింది, డిస్కు జారింది, నరం నొక్కుకుంది, ఎముకల మధ్య గ్యాప్ వచ్చింది. వింటే ఏమనిపిస్తుంది? వాడితే ఇంకా పాడవుతుంది, మూల పెడితే కొన్నాళ్లు వస్తుంది అనే కదా. ఒళ్లు అలా పనిచేయదు. మనం గుజ్జు అనేది మోకాలి ఎముకల చివర ఉండే మృదులాస్థిని; దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. బరువు పడినప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు ఉబ్బి, చుట్టూ ఉన్న ద్రవం నుంచి తనకు కావలసినవి పీల్చుకుంటుంది. నీళ్లలో స్పాంజిని పిండి వదిలినట్టు. అంటే నడకే దానికి తిండి. మా పెద్దమ్మ గుజ్జును కాపాడుకుంటున్నానని దానికి రెండేళ్లు అన్నం పెట్టడం మానేసిందన్నమాట. ఇంకోవైపు తొడ కండరాలు సన్నబడ్డాయి. అంతవరకూ అవి మోసిన బరువంతా ఇప్పుడు కీలు మీద పడుతోంది. నొప్పి పెరిగింది. "చూశావా, ఇంకా అరిగింది" అంది.

ఈ మధ్య పిలాటిస్ అనే కసరత్తు పద్ధతి పేరు చెప్పి ఈ విషయం మళ్లీ చర్చకొచ్చింది, సంతోషమే. సినిమా వాళ్ల రీల్స్ పుణ్యమా అని జూబ్లీహిల్స్ నుంచి విశాఖ బీచ్ రోడ్డు దాకా స్టూడియోలు వెలిశాయి. జారే పరుపు, దాని కింద స్ప్రింగులు, పట్టుకోవడానికి తాళ్లు: రిఫార్మర్ అంటారు దాన్ని. నేను వాకబు చేసిన చోట ఒక్క క్లాసుకు రూ.1,500 చెప్పారు. చూడ్డానికి ఖరీదైన విలాసంలా ఉంటుంది కానీ దాని పుట్టుక వేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్‌తో బాధపడ్డ మనిషి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. శత్రుదేశస్థుడని పట్టుకుని శిబిరంలో పెట్టారు. అక్కడ మంచం పట్టిన వాళ్ల కోసం మంచాలకే స్ప్రింగులు తగిలించి కసరత్తు చేయించాడని చెబుతారు. తర్వాత 1920ల్లో న్యూయార్క్ చేరి ఈ పద్ధతికి కంట్రాలజీ అని పేరు పెట్టుకున్నాడు. జార్జ్ బాలన్‌షీన్, మార్తా గ్రాహం లాంటి నృత్య దర్శకులు దెబ్బలు తగిలిన తమ డాన్సర్లను ఆయన దగ్గరికి పంపేవారు. ఆయన పోయాక ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు తగాదాలు నడిచి, 2000లో అమెరికా కోర్టు అది ఎవరి సొత్తూ కాదు, అందరూ వాడుకోవచ్చని తేల్చేసింది.

నా వాదనకు ఇందులో కావలసింది ఆ మంచం ముక్కే. పడుకున్న మనిషిని పడుకున్న చోటే కదిలించడం. పిలాటిస్ అంటే అదే, మిగతాదంతా అలంకారం. నడుంనొప్పికి పిలాటిస్ పనిచేస్తుందా అని 2015లో కొక్రేన్ సమీక్ష (జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచేది) చూసింది. ఏమీ చేయకుండా ఉండటం కంటే మేలే. కానీ మిగతా వ్యాయామాల కంటే గొప్పదనడానికి గట్టి ఆధారం లేదంది. స్టూడియో యజమానులకు ఈ మాట రుచించదు. నాకు మాత్రం ఇంతకంటే మంచి వార్త లేదు. కిటుకు స్ప్రింగుల్లో లేదని తేలిపోయింది కదా! కాస్త కాస్తగా బరువు పెంచడం, ఊపిరి బిగబట్టకుండా చేయడం, పక్కన ఒక మనిషి నిలబడి చూడటం, వారానికి రెండుమూడు సార్లు మానకుండా చేయడం. ఈ నాలుగూ ప్లాస్టిక్ కుర్చీతో కూడా అవుతాయి.

నా సంగతి చెప్తాను. 2022లో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఉమ్మడానికి సింకు మీదికి వంగాను, అంతే. నడుం పట్టేసింది. పెద్ద ఆసుపత్రికే వెళ్లాం. ఎంఆర్ఐలో అరగంట, డాక్టరు దగ్గర మూడు నిమిషాలు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది భాగపు వెన్నుపూసల మధ్య, డిస్కు ఉబ్బిందన్నారు. బెల్టు ఇచ్చారు. వంగొద్దు, కింద కూర్చోవద్దు, బరువెత్తొద్దు, మూడు వారాలు రెస్టు. నాలుగో వారానికి మంచం మీద పక్కకు తిరగాలన్నా భయమేసే స్థితికి వచ్చాను. అప్పుడు ఎవరో చెబితే ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో ఉన్న ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి ఫిల్ము తెరవలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, "నడుం పైకెత్తండి మేడం" అంది. నొప్పొస్తే ఎలా అని అడిగాను. "పదికి నాలుగు దాకా రానివ్వండి. రేపు పొద్దుటికి ఇవాళ్టి స్థితికి వచ్చేస్తే సరిపోయినట్టే. రాకపోతే రేపు రెండు తగ్గించి చేద్దాం." మూడో వారానికి నాచేత అయిదు లీటర్ల నీళ్ల క్యాను వంగి ఎత్తించింది. నొప్పిని పదికి ఇన్ని అని కొలవొచ్చని, దానితో బేరమాడొచ్చని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ బెల్టు ఇప్పటికీ ఇంట్లో ఉంది. జిప్పు పోయిన సూట్‌కేసుకు చుట్టి కడుతున్నాం.

ఆ అమ్మాయి ఫిల్ము ఎందుకు చూడలేదో తర్వాత అర్థమైంది. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్లను పోగేసి 2015లో ఒక పరిశీలన అచ్చయింది. యాభై ఏళ్ల వాళ్లలో నూటికి 80 మందికి డిస్కులు అరిగినట్టు కనిపించాయి, 60 మందికి ఉబ్బినట్టు కనిపించాయి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లలోనే నూటికి 30 మందికి ఉబ్బు ఉంది. నొప్పే లేదు సుమా! అవి తల నెరవడం లాంటివి. కానీ నడుం పట్టేసినవాడికి ఆ ఫిల్ము చూపించి "ఇదిగో" అంటే, ఇక జన్మంతా అతను బకెట్ ఎత్తడానికి జంకుతాడు.

రెస్టు సంగతి అంతకుముందే తేలింది. 1986లో అమెరికాలో ఏడు రోజులు పడుకోమన్న వాళ్లనీ రెండు రోజులు పడుకోమన్న వాళ్లనీ పోల్చి చూశారు. ఏడు రోజుల వాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేకపోగా ఎక్కువ రోజులు పనికి దూరమయ్యారు. 1995లో హెల్సింకీలో చేసిన ప్రయోగంలో అందరికంటే ముందు కోలుకున్నది మంచం పట్టినవాళ్లు కాదు, ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్లు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుంనొప్పి మీద మార్గదర్శకాలు ఇస్తూ వ్యాయామాన్నీ, రోగికి విషయం విడమరిచి చెప్పడాన్నీ చేయాల్సిన వాటిలో పెట్టింది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (బల్ల మీద పడుకోబెట్టి నడుమును లాగడం), ఓపియాయిడ్ మాత్రలు (నల్లమందు జాతి నొప్పిమందులు) మామూలుగా ఇవ్వొద్దంది. బెల్టు, ట్రాక్షన్! మన వీధి చివరి వైద్యమంతా ఆ రెండే కదా. విరిగితే పుత్తూరు కట్టు, పట్టేస్తే బెల్టు. విరిగిన ఎముకకు కట్టు కట్టాల్సిందే, కాదనను. నొప్పికి కూడా కట్టే కడతామంటేనే నా అభ్యంతరం.

ప్రతి నొప్పినీ కసరత్తుతో తరిమేయొచ్చా అని డాక్టర్లు అడుగుతారు, న్యాయమే. కింద పడ్డాక వచ్చిన నొప్పి, జ్వరంతో వచ్చిన నొప్పి, ఉన్నట్టుండి బరువు తగ్గడం, కాలు బలం పోవడం, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే పరుగున ఆసుపత్రికి పోవాలి, అక్కడ స్కాను ప్రాణం నిలబెడుతుంది. బాగా చెడిన మోకాలికి కీలు మార్పిడి నిజంగా వరమే. అయితే నడుంనొప్పులన్నిటిలో అలాంటివి చాలా కొద్ది. ఆ కొద్దిమంది పేరు చెప్పి మిగిలిన అందరినీ మంచానికి కట్టేస్తున్నాం.

నన్ను నిజంగా ఇరుకున పెట్టే ప్రశ్న వేరే ఉంది. ఒకసారి మా ఊళ్లో నాట్లు వేసే ఆమె అడిగింది: "పొద్దస్తమానం వంగేదాన్ని, నాకు ఎక్సర్‌సైజు చెప్తావేంటమ్మా?" ఆ క్షణంలో నోరు పెగల్లేదు. తర్వాత ఆలోచిస్తే జవాబు ఆమె మాటలోనే ఉంది. వంగడమే. గంటల తరబడి ఒకే వైపు, బురదలో కాళ్లు కూరుకుపోయి, వరస వెనకబడితే మేస్త్రీ అరుస్తాడని ఆగకుండా. బరువెంతో, వేగమెంతో ఆమె చేతిలో లేవు. కసరత్తులో అవి రెండూ మన చేతిలో ఉంటాయి; నొప్పి పదికి అయిదయితే ఆగొచ్చు. ఆమెకు కావలసింది మరింత వంగడం కాదు, గట్టు మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వాలడం, తుంటి కండరాలు గట్టిపడేలా పది గుంజీళ్లు. బడిలో శిక్షగా వేయించి మనం పరువు తీసిన గుంజీళ్లే! అన్నిటికంటే ముందు, గంటకోసారి నడుం ఎత్తే హక్కు. ఆ హక్కు లేకపోతే ఏ పిలాటిసూ ఆమెకు అక్కరకు రాదు. సాయంత్రం ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ నొప్పి సూదితో మర్నాడు మళ్లీ నాటుకు దిగుతుంది. అది వైద్యం కాదు, కూలికి పంపే ఏర్పాటు.

ఇక్కడ డబ్బు సంగతి వస్తుంది. నా అసలు కోపం అక్కడే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది, దాని విలువ తగ్గించను. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి రూ.10 లక్షలు. కానీ ఆ పథకం గుండెకాయ అడ్మిషన్, ఆపరేషన్. మంచం మీద చేరితే డబ్బు కదులుతుంది. చేరకుండా ఉండటానికి ఎవరైనా నలభై నిమిషాలు దగ్గరుండి కుర్చీలోంచి పదిసార్లు లేపితే దానికి పైసా రాలదు. ప్రైవేటు బీమాదీ దాదాపు అదే వరస. ఆస్ట్రేలియాలో నడుంనొప్పి తగ్గినవాళ్లు 701 మందితో చేసిన ప్రయోగం 2024లో వచ్చింది. సగం మందికి ఆర్నెల్లలో ఫిజియో ఆరుసార్లు మార్గం చెప్పి నడిపించాడు, సగం మందిని వాళ్ల మానాన వదిలేశారు. వదిలేసిన వాళ్లకు మధ్యస్థంగా 112 రోజులకు నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్లకు 208 రోజులు పట్టింది. మందు లేదు, మిషను లేదు. ఆరు సార్లు ఒక మనిషి మాట్లాడటం. ఇంత చవక వైద్యం అమ్మితే ఎవరికీ కమీషన్ రాదు, అందుకే దాన్ని అమ్మేవాడూ లేడు.

మనమేమో పేరు ముందు ‘డాక్టర్’ ఎవరు పెట్టుకోవాలో కొట్టుకుంటున్నాం. 2025 సెప్టెంబరులో ఫిజియోలు ఆ మాట వాడొద్దని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసింది, ఒకటి రెండు రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. టీవీ చానళ్లకు పండగ. మాకు ఆ రెండక్షరాలతో పని లేదు. వాళ్లను కూర్చోబెట్టే కుర్చీ మండలానికి ఒకటి వేస్తే చాలు. పుల్లెల గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాత 2001లో ఆలింగ్లండ్ బ్యాడ్మింటన్ కప్పు గెలిచాడని మన పిల్లలకు కథలుగా చెప్తాం. ఆపరేషన్‌కీ కప్పుకీ మధ్య కాలిని మళ్లీ నిలబెట్టుకున్న నెలలెన్నో ఉంటాయన్నది ఆ కథలోంచి జారిపోతుంది. ఆటగాడికైతే పక్కన ఫిజియో ఉంటాడు, మా పెద్దమ్మకెవరున్నారు?

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమెను భోజనాల బల్ల దగ్గర కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాను. మూడుసార్లు లేచి, నాలుగోసారి బల్ల పట్టుకుని తిట్టింది. సరే, వీళ్లకు దగ్గర్లో సర్కారు ఫిజియో ఉన్నాడేమో చూద్దామని మర్నాడు ఏరియా ఆసుపత్రికి వెళ్లాను. గది ఉంది, తలుపు మీద బోర్డూ ఉంది, తాళమూ ఉంది. పోస్టు ఖాళీ అయి ఏడాది దాటిందన్నారు. తాళంచెవి కోసం వెతికి తెరిచిన అటెండరు లైటు వేశాడు. గోడవారగా ఒక ట్రాక్షన్ బల్ల. దాని మీద పైకప్పు దాకా సెలైన్ అట్టపెట్టెలు.