'అదే తగ్గిపోతుందిలే' గారికి

మహారాజశ్రీ 'అదే తగ్గిపోతుందిలే' గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ కుశలమంతా మీ వైపే ఉంది కాబట్టి ఆ మాటలో సగం కొట్టేస్తున్నాను. ఇక్కడ మా పాప పై పెదవి వాచింది. పన్ను గుచ్చుకుని లోపలివైపు కాస్త తెగింది కూడా. మా కుక్క టైగర్ గది తలుపుకి అవతల గడ్డం నేలకానించి, జరిగినదానికీ తనకూ ఏ సంబంధమూ లేనట్టు నా వైపే చూస్తున్నాడు. మీరు మాత్రం ఈపాటికి ఇంకెవరి నాలుక మీదో కొలువుతీరి ఉంటారు.

ఈ మధ్యాహ్నం ఏం జరిగిందో మీకు చెప్పాలి, అందులో మీ వాటా పెద్దది. పాప నేల మీద కూర్చుని దిమ్మలు పేర్చుకుంటోంది. ఆరేసిన బట్టలు తేవడానికి నేను అలా వెనక్కి వెళ్లాను. ఎంతసేపు, మూడు నిమిషాలు. అంత కూడా లేదు, అప్పటికి నా చేతిలో రెండు గుడ్డలే ఉన్నాయి. ముందు గోళ్లు నేల మీద గీరుకున్న చప్పుడు, తర్వాత దిమ్మలు కూలిన చప్పుడు, ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. పిల్లలున్నవాళ్లకు తెలుసు, పడగానే ఏడిస్తే పర్వాలేదు, ఊపిరి బిగబట్టి ఆగి ఏడిస్తేనే గుండె జారిపోతుంది. పరిగెత్తుకొచ్చి చూస్తే పాప బోర్లా పడి ఉంది, 30 కిలోల టైగర్ వెనక నుంచి మీదెక్కి ముందుకాళ్లతో గట్టిగా పట్టేసుకుని ఉన్నాడు. మిగతాది వర్ణించను. మగకుక్క ఉన్న ఇంట్లోవాళ్లకు చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా "అయ్యో, ఆడుకుంటోందేమో" అంటారు.

కరవలేదు. గుర్రుమనలేదు కూడా. "కరవలేదుగా!" అని ఇప్పటికి నలుగురు అన్నారు. అంటే కరిచేదాకా మనం దీన్ని సమస్యల లెక్కలో వేయమన్నమాట.

మనిద్దరి పరిచయం ఈనాటిది కాదు. టైగర్‌కి ఆరు నెలలప్పుడు దిండ్లు ఎక్కడం మొదలుపెడితే మీరు మొదటిసారి మా ఇంట్లో అడుగుపెట్టారు. "పిల్లకుక్క కదా, అదే తగ్గిపోతుందిలే." మేం పడీపడీ నవ్వాం. నవ్వి ఊరుకోలేదు, వీడియో తీసి చుట్టాలందరికీ పంపాం. వాడికి అర్థమైంది ఒక్కటే: ఈ పని చేస్తే ఇల్లంతా నా చుట్టూ మూగుతుంది. ఏడాది నిండేసరికి ఇంటికొచ్చినవాళ్ల కాళ్లు మొదలయ్యాయి. మీరు మళ్లీ వచ్చారు, ఈసారి "వయసు పొగరు, అదే తగ్గిపోతుందిలే" అని. సోఫా మూలల దగ్గర కాలెత్తడం మొదలైంది. "మగది కదా, హద్దులు గీసుకుంటోంది, అదే తగ్గిపోతుందిలే." వాడి వయసెంత చెప్పినా ఆ వయసుకి సరిపోయే చొక్కా ఒకటి మీ దగ్గర కుట్టించి సిద్ధంగా ఉంటుంది.

అన్నిటికన్నా మీ రాజఠీవి చూసింది మాత్రం మూడో ఏట. "ఒక్కసారి జత కట్టించండి, అదే తగ్గిపోతుంది." ఈ మాట అన్నది ఒకరు కాదు. కుక్కను ఎప్పుడూ పెంచనివాళ్లు, పదేళ్లుగా పెంచుతున్నవాళ్లు, లిఫ్టులో ముఖపరిచయం ఉన్నవాళ్లు, అందరూ ఒకే గొంతుతో అన్నారు. ఒక్కసారి నిద్రపోతే ఇక జన్మలో నిద్ర రాదన్నట్టు! ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఊరుతూనే ఉంటుంది కదండీ, ఒకసారి జత కట్టినంత మాత్రాన ఆ బావి ఎండిపోతుందా? పైగా ఆ రుచి తెలిసిన కుక్క ఇంకా వెతుక్కుంటుందే తప్ప సన్యాసం పుచ్చుకోదు. పుట్టే పిల్లల్ని ఎవరు సాకుతారంటే దానికి కూడా మీ బంధువే ఒకాయన జవాబిచ్చాడు: "ఎవరో ఒకరు తీసుకుంటార్లే."

మీ పేరులో నాకు ఒళ్లు మండేది 'తగ్గిపోతుంది' దగ్గర కాదు. ఆ 'అదే' దగ్గర. తగ్గుతుంది, చాలావరకు తగ్గుతుంది, తగ్గించే దారులు ఉన్నాయి. 'అదే' అన్నప్పుడే మనిషి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పెద్దజాతి కుక్కలకి ఎదుగుదల పూర్తయ్యేదాకా వృషణాలు తీసే ఆపరేషన్ ఆపమని డాక్టర్లే చెప్తారు, దానికి నేను కాదనను. కానీ ఆ ఆగడానికి ఒక తేదీ ఉంటుంది. మీకు తేదీ ఉండదు. టైగర్ ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయింది, మా ఆగడమే ఆగలేదు.

పాప పుట్టినప్పుడు టైగర్‌కి ఏడాదిన్నర. ఇది రాయకపోతే వాడికి అన్యాయం చేసినట్టవుతుంది: వాడు ఉయ్యాల కింద పడుకునేవాడు, పాప కదిలితే లేచి నా గది దాకా వచ్చి నన్ను పిలిచేవాడు. తంటా అంతా పాప నడక నేర్చి పరుగులోకి దిగాక మొదలైంది. పరిగెత్తుతుంది, కీచుమంటుంది, నేల మీద కూర్చుంటుంది, తోస్తే తిరిగి తోయలేదు. ఉద్రేకంలో ఉన్న కుక్కకి ఇంకేం కావాలి? ఇదంతా కామమే అనుకుంటాం గానీ కాదట. పట్టలేని సంతోషం, టెన్షన్, ఆటలో హద్దు దాటడం, ఏది ఎక్కువైనా అది మీదెక్కడంలోకే తిరుగుతుంది. ఆడకుక్కలూ చేస్తాయి, ఆపరేషన్ అయినవీ చేస్తాయి.

మొన్నటి నుంచి వీధిలో ఓ ఆడకుక్క ఎదకొచ్చింది. ఎద ఒకటి రెండు రోజుల ముచ్చట కాదు, దాదాపు మూడు వారాలు. మనకి తెలియని వాసన వాడికి గోడలు దాటి వస్తుంది. రెండు రోజులుగా వీధి తలుపు గీరుతున్నాడు, గిన్నె ముట్టట్లేదు, ఒకటే మూలుగు. ఈ పొద్దున పాప వెనకాలే తిరిగాడు. ముక్కు దాని వీపుకి ఆనించి, పెదవులు నాక్కుంటూ, రొప్పుతూ, ఒకసారి పంజా భుజం మీద వేసి. నేను చూశాను. చూసి ఏమనుకున్నానో మీకు తెలుసు. మిమ్మల్నే అనుకున్నాను.

మీ తమ్ముళ్ల గురించి కూడా రెండు ముక్కలు. పొరుగాయన ఒకరు, "నువ్వే బాస్ అని చూపించు, వెల్లకిలా పడేసి మెడ నొక్కి పట్టుకో" అంటారు. ఈ బాస్ కథ పుట్టింది తోడేళ్ల దగ్గర: 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో కుక్కిన తోడేళ్లను చూసి, గుంపులో కొట్టుకుని గెలిచిందే రాజు అన్నట్టు రాసిన సంగతులు, తర్వాత తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ చేతుల మీదుగా ఊరూవాడా పాకాయి. ఆ మెక్ గారే అడవి తోడేళ్లను చూశాక 1999లో, గుంపంటే అమ్మానాన్నా పిల్లలే, కొట్టుకుని గెలిచిన రాజు ఎవరూ లేడని రాశారు. ఆ సవరణ మా పొరుగాయన దాకా ఇంకా రాలేదు. ఇంకొకావిడ చుట్టచుట్టిన పేపరుతో మూతి మీద ఒక్కటివ్వమంటారు. పాప దగ్గరికొచ్చినప్పుడల్లా దెబ్బ పడితే కుక్క నేర్చుకునేది 'మీదెక్కకూడదు' అని కాదు, 'ఈ పిల్ల వస్తే నాకు దెబ్బ' అని. ఆ తర్వాత కరిస్తే, అప్పుడు మాత్రం కుక్కది తప్పు.

ఇక మా ఆయన. ఆపరేషన్ అన్న మాట వినగానే తెలియకుండానే కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. "పాపం, మగతనం తీసేస్తామా" అని గొంతు కూడా తగ్గించారు. టైగర్ పక్కనే పడుకుని తన తోక తాను కొరుక్కుంటున్నాడు. వాడికి ఆ విషయం మీద ఏ అభిప్రాయమూ ఉన్నట్టు లేదు.

సాయంత్రం వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. తేదీ తీసుకున్నాం. అక్కడైనా మీ పీడ విరగడైందనుకున్నాను. బయటికొచ్చి బండి తీస్తూ మా ఆయన అన్నారు, "హమ్మయ్య, ఆపరేషన్ అయిందంటే ఇక అన్నీ అవే తగ్గిపోతాయిలే."

మీరు! ఆసుపత్రి గేటు దగ్గర, కొత్త చొక్కా వేసుకుని!

ఇక నీకు 'మీరు' అని రాయడానికి నా చెయ్యి రావట్లేదు. ఆ డాక్టర్ గారు అరగంట సేపు చెప్పినదంతా దీని గురించే. కొద్ది రోజుల్లో రక్తంలో ఆ హార్మోన్ అడుగంటుతుంది, కానీ మూడున్నరేళ్ల అలవాటు రక్తంలో ఉండదు, బుర్రలో ఉంటుంది. 1997లో అచ్చయిన ఓ పరిశోధనలో రెండేళ్లు దాటిన 57 మగకుక్కలను చూశారు. మీదెక్కడం, ఇల్లొదిలి తిరగడం, కాలెత్తడం ఈ మూడూ 60 శాతానికి పైగా కుక్కల్లో సగమో అంతకన్నా ఎక్కువో తగ్గాయి. దాదాపు పూర్తిగా తగ్గినవి మాత్రం 25 నుంచి 40 శాతమే. వాటి వయసుకీ, అలవాటు ఎన్నాళ్లదన్నదానికీ ఫలితంతో సంబంధం కనిపించలేదు కాబట్టి మాకింకా ఆలస్యం కాలేదన్నమాట, ఆ ఒక్క కబురుకీ డాక్టర్ గారికి దండం పెట్టాను. భయంతో గుర్రుమనే కుక్కకి ఈ కోత మందు కాదని, కొన్నిటిలో భయం ఇంకా పెరగొచ్చని కూడా చెప్పారు. "నా వంతు నేను చేస్తాను, మీ వంతు ఇవాళ రాత్రి నుంచే మొదలుపెట్టండి" అన్నారు. ఇందులో నీకు చోటెక్కడుంది చెప్పు?

మా వంతు ఏమిటో విను, నీకు నిద్ర పట్టకుండా. గదికీ హాలుకీ మధ్య గేటు. పెద్దవాళ్లెవరూ కళ్లప్పగించి చూడకుండా ఇద్దరూ ఒకే చోట ఉండడం లేదు, మూడు నిమిషాలు కాదు, మూడు క్షణాలైనా లేదు. నేను తలుపు తీయాలన్నా ఇద్దరిలో ఒకరు నాతో రావాలి. మేం చూస్తున్నంతసేపు టైగర్ మెడకి తేలికపాటి తాడు నేల మీద ఈడుస్తూ ఉంటుంది, లేపడానికి మీద చెయ్యి వేయకుండా తాడు పట్టుకుని పక్కకి తీసుకుపోవచ్చు. మూలన ఓ చాప. ఆ చాప మీద పడుకుంటే నోటికో ముక్క, నెమ్మదిగా ఓ మెప్పు. పాప కూర్చుంటే ఒకటి, లేస్తే ఒకటి, నవ్వితే ఒకటి. మూలుగూ, పెదవులు నాక్కోవడం కనబడగానే అక్కడికక్కడే ఆట బంద్, ఎక్కాక అరవడం కాదు, ఎక్కకముందే లేపడం. నవ్వకూడదు. వీడియో అసలే తీయకూడదు. మొదటి పూట పదకొండుసార్లు లేచాడు, పదకొండుసార్లూ మళ్లీ చాప మీదికి తీసుకెళ్లాను, పన్నెండోసారి తనే వెళ్లి కూర్చుని నా చేతి వైపు చూశాడు. ఇంత తెలివైన కుక్కని మూడున్నరేళ్లు నీ మీద వదిలేశాను చూడు, అదీ నా ఏడుపు. కుక్కకి తెలిసింది కుక్క చేసింది. నాకు తెలిసీ నేను చేయలేదు.

రాత్రి ఎనిమిదైంది. పాప కుర్చీ మీద కూర్చుంది. ఎప్పుడూ కాళ్లు ఊపుతూ కూర్చునే పిల్ల, ఇవాళ రెండు కాళ్లూ పైకి మడిచి, మోకాళ్లు గౌను లోపలికి లాక్కుని కూర్చుంది. కుర్చీ కిందికి ఒకసారి, గేటు వైపు ఒకసారి చూస్తోంది. "టైగల్ లేదు కదా?" అని ఇప్పటికి ఆరుసార్లు అడిగింది. దిమ్మలు అలాగే నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి, దిగి తీసుకోదు, నన్ను తీసి ఇమ్మంటోంది. గేటు అవతల వాడు తోకతో నేలని మెల్లగా తడుతున్నాడు, ఆ పిల్ల ఎందుకు రావట్లేదో వాడికెవరు చెప్పాలి?

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. పెదవి సంగతి, ఆపరేషన్ సంగతి, గేటు సంగతి అన్నీ చెప్పాను. పిల్ల నేల మీద కాలు పెట్టట్లేదమ్మా అని కూడా చెప్పాను.

"పోనీలేవే," అంది అమ్మ, "చిన్నపిల్ల, ఆ భయం అదే తగ్గిపోతుందిలే."

ఇట్లు,
మూడున్నరేళ్లుగా నిన్ను ఇంట్లో పెట్టుకుని మేపిన మనిషి