లేజర్ అయిపోతే కంటికి ఇక భయం లేదా?

"నీటికాసుల అటాక్ వచ్చి లేజర్ చేయించుకున్నవాళ్లకు ఇక బెంగ లేదు. నొప్పి లేదంటే ప్రెజర్ లేనట్టే, చుక్కలు ఆపేయొచ్చు. రెండో కన్ను బాగుంటే దాని జోలికి పోవద్దు. ఆ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించొద్దు. జలుబు మాత్రలు ముట్టొద్దు." ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. నీటికాసుల (గ్లాకోమా) అటాక్ అంటే కంట్లోని నీరు బయటికి పోయే దారి హఠాత్తుగా మూసుకుపోయి, కంటి లోపలి ప్రెజర్ పెరిగిపోవడం. చదివి చుక్కల మందు పక్కన పెట్టేసినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లేజర్ చేసే పని ఒక్కటే. పై రెప్ప కింద దాగేలా ఐరిస్‌లో (కనుపాప చుట్టూ ఉండే రంగు వలయంలో) సన్నటి రంధ్రం చేసి, వెనక చిక్కుకున్న నీరు ముందుకు రావడానికి దారి ఇస్తుంది. కానీ అటాక్ సమయంలో ఐరిస్ వెళ్లి కంటి లోపల నీరు బయటికి పోయే మూలకు అతుక్కుపోయి ఉంటే, ఆ అతుకును లేజర్ విడదీయలేదు. అలాంటి కంట్లో నెలలకో, ఏళ్లకో ప్రెజర్ మళ్లీ పెరగొచ్చు. హాంకాంగ్ డాక్టర్లు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అటాక్ తగ్గిన 62 మందిలో కొందరికి లేజర్ చేశారు, మిగతావాళ్లకు వెంటనే కంటి లెన్స్ మార్చారు. ఏడాదిన్నరలో ప్రెజర్ మళ్లీ పెరిగినవాళ్లు లేజర్ చేసినవాళ్లలో దాదాపు 47 శాతం, లెన్స్ మార్చినవాళ్లలో 3 శాతం. శుక్లం ఆపరేషన్‌లో చేసేదీ లెన్స్ మార్చడమే కాబట్టి, అది వద్దన్న మాటకు కూడా ఇదే జవాబు. లావెక్కిన లెన్స్ తీసేస్తే ఆ మూల వెడల్పవుతుంది. అటాక్ వచ్చిన కంట్లో ఆపరేషన్ కొంచెం కష్టమే, కనుపాప సరిగా విచ్చుకోకపోవచ్చు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) కణాలు తగ్గి ఉండొచ్చు. అందుకని అనుభవమున్న సర్జన్‌ను వెతుక్కోవాలి గానీ ఆపరేషనే మానుకోకూడదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది నొప్పి గురించి చెప్పిన మాట. అటాక్‌లో ప్రెజర్ ఒక్కసారిగా 50, 60 mmHg దాకా ఎగబాకుతుంది కాబట్టి తలపోటు, వాంతులు వస్తాయి. అదే ప్రెజర్ నెమ్మదిగా 28కో 30కో చేరితే ఏమీ తెలియదు. పక్క చూపు ముందు పోతుంది, ఎదుట అక్షరాలు మాత్రం చివరిదాకా కనిపిస్తూనే ఉంటాయి. దెబ్బతిన్న కంటి నరం మళ్లీ బాగవదు. ప్రెజర్ కొలవడంతో పాటు పక్క చూపు ఎంతుందో చూసే ఫీల్డ్ టెస్ట్, నరం స్కాన్ చేయించాలి, గోనియోస్కోపీ కూడా. ఈ చివరిది తిమ్మిరి చుక్క వేసి, అద్దాలున్న చిన్న లెన్స్ కంటికి ఆనించి ఆ మూలను నేరుగా చూసే పరీక్ష. నాలుగైదు నిమిషాల పని, చాలాచోట్ల అడిగితేనే చేస్తారు, కాబట్టి అడగండి. చుక్కలు ఆపాలా వద్దా అన్నది ఇవన్నీ చూసిన డాక్టరు చెప్పాలి.

రెండో కన్ను బాగుందనుకోవడం కూడా పొరపాటే. రెండు కళ్ల నిర్మాణం దాదాపు ఒకటే. ఏమీ చేయకుండా వదిలేస్తే ఐదేళ్లలో దాదాపు సగం మందికి ఆ కంట్లోనూ అటాక్ వస్తుంది. ముందే లేజర్ చేయిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

జలుబు మాత్రల విషయంలో కొంత నిజముంది. ఆ మూల ఇరుకుగా ఉండి లేజర్ చేయించని కంట్లో, కొన్ని జలుబు మాత్రల్లా కనుపాపను పెద్దది చేసే మందులు అటాక్ తెప్పించగలవు. రంధ్రం తెరుచుకునే ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. అయినా కొత్త మందు రాసే ప్రతి డాక్టరుకూ అటాక్ సంగతి చెప్పండి.

మెసేజ్‌లో లేని ముఖ్యమైన సంగతి ఒకటుంది. అటాక్ వచ్చినవాళ్ల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువ. వాళ్లలో నలభై దాటినవాళ్లు ఒకసారి గోనియోస్కోపీతో కంటి లోపలి ఆ మూల చూపించుకోవాలి.