మేయర్ గారూ, నాలా ఎవరిది?

హనుమకొండలో ఒక కాలనీ. సంక్షేమ సంఘం వాళ్ల రేకుల షెడ్డులో యాభై ప్లాస్టిక్ కుర్చీలు, గరగరలాడే మైకు, ఒక ఫ్యాను. కార్పొరేటర్‌గా పోటీకి సిద్ధమవుతూ, గెలిస్తే మేయర్ పీఠం తనదేనని అనుచరుల చేత చెప్పిస్తున్న ఒక నాయకుడు ఆ సాయంత్రం జనం ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి వచ్చారు. ఆయన కూర్చున్న కుర్చీ వెనక గోడ మీద మట్టిరంగు చారలు మూడు ఉన్నాయి. ఒకటి మోకాలి ఎత్తులో, రెండోది దాని మీద జానెడు పైన, మూడోది నడుము దాకా. ఎవరో పిల్లవాడు కాబోలు, ఒక్కో చార పక్కన సుద్దముక్కతో సంవత్సరం రాశాడు: 2020, 2025, 2023. వరద ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి ఆ కాలనీకి వేరే రికార్డు లేదు.

గంటన్నరలో పదిహేడు ప్రశ్నలు వచ్చాయి. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మొదట్లో జవాబులు పూర్తిగా రాసుకున్నాను కానీ, ఐదో ప్రశ్న దాటాక ఆ పని అక్కర్లేదని తేలిపోయింది. అన్నింటికీ జవాబు ఒకటే: ‘తప్పకుండా చేద్దాం’. ఆ తర్వాత నోటు పుస్తకంలో ‘త.చే.’ అని పొడి అక్షరాలతో సరిపెట్టాను. కోతుల బెడద: త.చే. విమానాశ్రయం: త.చే. ఎంజీఎం ఆసుపత్రిలో పడకలు: త.చే. మా వీధి చివర స్తంభానికి దీపం: అదీ త.చే.

నాయకుణ్ని మాత్రమే తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. పదిహేడులో కనీసం ఎనిమిది ప్రశ్నలు ఆయనకు సంబంధించినవే కావు. అడిగే వాళ్లకు ఆ సంగతి తెలియదు. చెప్పవలసిన ఆయనకు చెప్పాలని లేదు. ‘అది నా చేతిలో లేదు’ అంటే ఓటు పోతుందన్న భయం. నాకైతే ఆ సాయంత్రం ఆ ఒక్క మాట వినిపిస్తే బాగుండుననిపించింది. ఏది తన పనో తెలిసినవాడే ఏది కాదో చెప్పగలడు.

అసలు ‘మేయర్ అభ్యర్థి’ అన్న మాటే మన దగ్గర సగం నిజం. బ్యాలెట్ మీద ఆ పేరుతో ఎవరూ ఉండరు. మనం ఓటు వేసేది డివిజన్ కార్పొరేటర్‌కు. గ్రేటర్ వరంగల్‌లో 66 మంది కార్పొరేటర్లు, వాళ్లతోపాటు ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే పదవిరీత్యా సభ్యులుగా, శాసనసభ్యులు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఒక హాల్లో కూర్చుని చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. 2016లో 58 డివిజన్లకు 44, 2021లో 66కు 48 ఒకే పార్టీ గెలుచుకుంది. అంత మెజారిటీ ఉన్నప్పుడు చేతులెత్తడం లాంఛనమే, పేరు పై నుంచి వస్తుంది. 2018 డిసెంబరులో అప్పటి మేయర్ నన్నపునేని నరేందర్ శాసనసభకు ఎన్నికయ్యారు, ఆ తర్వాత గుండా ప్రకాశ్‌రావు మేయర్ అయ్యారు. నగరానికి కొత్త మేయర్ వచ్చారు, ఓటరు వేలికి సిరా చుక్క పడలేదు. కాబట్టి ఎన్నికలకు ముందు మేయర్ నంటూ వచ్చే మనిషిని మొట్టమొదట అడగవలసింది: అయ్యా, ఆ కుర్చీ దక్కకపోతే ఉత్త కార్పొరేటర్‌గా ఈ మాటల్లో ఎన్ని నిలబెట్టుకుంటారు?

విమానాశ్రయం మీద ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. మామునూరుకు కేంద్రం అనుమతి 2025 ఫిబ్రవరిలో వచ్చింది, భూసేకరణ రాష్ట్ర ప్రభుత్వం పని. అక్కడ విమానం దిగితే అందరికీ సంతోషమే, కానీ దింపేది మేయర్ కాదు. కాజీపేటలో 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేసిన రైల్వే తయారీ యూనిట్ కూడా అంతే. ఎంజీఎం వైద్యారోగ్య శాఖది. గీసుకొండ వైపు జౌళి పార్కు పరిశ్రమల శాఖది. జాతీయ రహదారి మీద గుంత కనిపించినా బల్దియా (నగరపాలక సంస్థ) వాళ్లు కంకర పోయడానికి లేదు. నగరం ఎటు పెరగాలో గీసే మాస్టర్ ప్లాన్ కూడా కార్పొరేషన్ చేతిలో లేదు, అది ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పని. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పట్టణ పాలనకు పేర్కొంది, అందులో మొదటిది పట్టణ ప్రణాళికే. షెడ్యూలులో ఉన్నంత మాత్రాన కలం చేతికి రాలేదు.

మరి మేయర్‌కు మిగిలేదేమిటి? తక్కువేం కాదు. చెత్త, మోరీలు, వీధి దీపాలు, గల్లీ రోడ్లు, నల్లా నీళ్ల పంపిణీ, పార్కులు, శ్మశానాలు, కుక్కలు. మనిషి ఇంటి గడప దాటగానే కాలికి తగిలేవన్నీ ఇవే. 2023 మేలో కాజీపేటలో వీధి కుక్కల దాడిలో ఒక బాలుడు చనిపోయాడు. ఆ సంవత్సరమే వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు వేయించి పట్టుకున్న చోటే వదలాలి, ఆ బాధ్యత స్థానిక సంస్థలది. ఇక్కడ ‘తప్పకుండా చేద్దాం’ కుదరదు. నెలకు ఎన్ని కుక్కలు, ఏ కేంద్రంలో, ఏ డివిజన్ నుంచి మొదలుపెట్టి అన్నది చెప్పాలి. చెత్త సంగతీ అంతే. 2012 అక్టోబరులో ఇదే నగరం తడి, పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేసే పోటీ పెట్టి దేశమంతా చెప్పుకునేలా చేసింది. అప్పుడు చేతనైంది ఇప్పుడెందుకు కాదని షెడ్డులో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, రాసుకుంటూ కూర్చున్నాను.

డబ్బు ప్రశ్న ఒక గృహిణి తెచ్చారు. చేతిలో ఇంటి పన్ను రసీదు. “ఏప్రిల్‌లో కడితే ఐదు శాతం తగ్గింపు ఉందని కట్టేశాను సార్. ఆలస్యమైతే నెలకు రెండు శాతం వడ్డీ వేస్తారు. మా మోరీ పని ఆలస్యమైతే మీరు నాకు ఎంత వేస్తారు?” అందరూ నవ్వారు, నాయకుడు కూడా నవ్వారు. జవాబు మాత్రం రాలేదు. ఆమె అడిగిన దానిలో పెద్ద లెక్కే ఉంది. ఇంటి పన్ను, నల్లా బిల్లు, నిర్మాణ అనుమతుల ఫీజు, వ్యాపార లైసెన్సులు బల్దియా సొంత రాబడి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి వరంగల్ లాంటి, పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేసింది. రాష్ట్ర మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి తీయమంటుంది. జీతాలు, కరెంటు బిల్లు పోయాక తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టడానికి మేయర్ జేబులో మిగిలేది కొంచెమే. ఆ కొంచెం ఏ డివిజన్‌కు ముందు పోతుందన్నదే అసలు రాజకీయం. గ్రేటర్‌లో కలిసిన 42 గ్రామాల వాళ్లకు ఆ బాధ బాగా తెలుసు. ఊరు నగరంలో కలిసింది, ఉపాధి హామీ పని పోయింది, పన్ను నోటీసు వచ్చింది.

ఇక ఆ గోడ మీది చారలు.

ఓరుగల్లులో వరద కొత్త కాదు, చెరువులు అంతకన్నా కొత్త కాదు. కాకతీయుల నాటి పద్ధతిలో ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు పోవాలి, అది నిండితే ఇంకా కిందికి. గొలుసుకట్టు అంటే అదే. చెరువుకు చెరువుకు మధ్య ఉన్న కాలువే నేటి నాలా. మన తరం చేసిన ఘనకార్యమల్లా చెరువులను ఉంచి మధ్యలో గొలుసును తెంచడం. వడ్డేపల్లి వైపు నుంచి వచ్చే నీటికి నయీంనగర్ నాలా దారి, వరంగల్ వైపు బొందివాగు. 2020 ఆగస్టులో ఈ దారులు చాలక నీరు ఇళ్లలోకి వచ్చింది. అప్పటి పురపాలక మంత్రి వచ్చి చూసి, నాలాల మీది కట్టడాలు తొలగించమన్నారు. 2023 జూలైలో మళ్లీ పడవలు తిరిగాయి. 2024లో నయీంనగర్ పాత వంతెన కూల్చి కొత్తది కట్టారు. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చింది, సుద్దముక్కకు మళ్లీ పని పడింది. వంతెన కింద దారి వెడల్పయితే సరిపోదు, పైన రెండు కిలోమీటర్ల దగ్గర నాలా ఇరుకుగా ఉంటే నీరు వంతెన దాకా ఎందుకు ఆగుతుంది?

ఇప్పుడు ఆ నాలా ఎవరిది? చెరువు నీటిపారుదల శాఖది. కట్ట మీది నడకదారి, దీపాలు చాలాచోట్ల కుడా పని. పూడిక తీసేది బల్దియా. నాలా వెడల్పు ఇంత అని చెప్పే పాత నక్షా రెవెన్యూ వాళ్ల బీరువాలో. పైగా 2021 నుంచి నగరం హనుమకొండ, వరంగల్ అని రెండు జిల్లాలు, కలెక్టర్లు ఇద్దరు. నీటికి జిల్లా సరిహద్దు తెలియదు, ఫైలుకు తెలుసు. ఇందులో ఎవరిని అడిగినా పక్క కార్యాలయం చూపించవచ్చు, అదీ చట్టప్రకారమే.

‘నా చేతిలో లేదు’ అన్న మాటను ఇంతసేపు మెచ్చుకున్నాను గాని, నాలా దగ్గర నేను దాన్ని ఒప్పుకోను. విమానాశ్రయానికి మేయర్ లేకపోయినా పని జరుగుతుంది. నాలాకు మాత్రం ఈ నాలుగు కార్యాలయాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే మనిషి కావాలి. ఆ ఇళ్ల వాళ్లు ఓటు వేసి పంపిన కౌన్సిల్‌కు పెద్ద మేయరే. కమిషనర్ సంతకం లేనిదే బిల్లు కదలదన్నది నిజమే, కానీ కౌన్సిల్ తీర్మానం పుస్తకంలోకి ఎక్కాక కమిషనర్ కూడా దానికి జవాబు చెప్పుకోవాలి. 2024 నవంబరులో భూగర్భ డ్రైనేజీకి 4,170 కోట్ల రూపాయలతో పరిపాలనా అనుమతి వచ్చింది. అది మురుగునీటి సంగతి. దాన్ని చూపించి వాన నీటి ప్రశ్న దాటేయడం ఈ ఎన్నికల్లో బాగా వినబడబోతోందని నా అనుమానం. ఆ సాయంత్రం ఒకసారి వినబడింది కూడా.

ఇంకొకటి కూడా అడగవచ్చు. 2019 నాటి ఆ మున్సిపాలిటీల చట్టమే ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు పెట్టమంది: యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు ఒక్కోటి, పదిహేను మంది చొప్పున. అంటే డివిజన్‌కు 60 మంది, నగరానికి దాదాపు నాలుగు వేలు. మీ డివిజన్‌లో ఆ అరవై మందిలో ఆరుగురి పేర్లు చెప్పండి, చాలు.

పదిహేడో ప్రశ్న వెనక వరుసలోంచి వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు, లేచి నిలబడటానికి కుర్చీ చేతి పట్టుకున్నారు. “మీరే మేయర్ అయ్యారనుకుందాం. మొదటి కౌన్సిల్ సమావేశం అజెండాలో మొదటి అంశం ఏం పెడతారు? ఒకటే చెప్పండి.”

నాయకుడు మైకు దగ్గరికి తీసుకున్నారు. దూరం జరిపారు. పక్కన కూర్చున్న అనుచరుడు చెవిలో ఏదో చెప్పబోతే చేత్తో వారించారు, అది నాకు నచ్చింది. తర్వాత వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. “ఈ పైగీత ఏ సంవత్సరానిది?” అని అడిగారు. రసీదు చేతిలో పట్టుకున్న గృహిణే చెప్పారు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు, కాగితం దొరకలేదు, కరపత్రం వెనక రాసుకున్నారు. నోటు పుస్తకంలో పదిహేడో అంకె ఎదురుగా ‘త.చే.’ రాయలేదు, ఖాళీగా వదిలాను.