మాతృ వందనం గారూ, కూర్చోండి ముందు

మాతృ వందన యోజన గారికి,

గోదారోళ్లం కదండీ, తిట్టాలన్నా ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి తిడతాం. తాగారా? సరే.

మీ కాగితాల్లో ఒక మాట చదివి నాకు పొలమారింది. కేంద్రం పథకంగా తొలి కాన్పుకి మీరిచ్చే 5,000 రూపాయలు "పోయిన కూలికి పాక్షిక పరిహారం" అట. మా మరదలు రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. రోజుకి 400 వేసుకున్నా మీ సొమ్ము పన్నెండున్నర రోజుల కూలి. ఆ అర రోజు ఎందుకో తెలీలేదు, పురిటికి ఆటోలో వెళ్లి రావడానికి కాబోలు. రిజిస్టర్లో పేరున్న అమ్మాయికైతే 2017 నుంచి 26 వారాలు జీతంతో సెలవు. అదైనా చాలామటుకు మీ గల్లాపెట్టెలోది కాదులెండి, యజమాని జేబులోది.

మీ వంశం సంగతీ తెలుసు. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి బిల్లు మీద అంబేద్కర్ గారు మాట్లాడుతూ, తల్లికి విశ్రాంతి దొరికితే మేలు దేశానికి, కాబట్టి భారంలో ఎక్కువ పాలు ప్రభుత్వమే మోయాలన్నారు. 1929లో చట్టమైతే వచ్చింది, భారం మాత్రం యజమాని నెత్తినే పడింది. 1934లో మద్రాసు వాళ్లూ ఒకటి చేశారు. అప్పట్లో మా జిల్లాలు మద్రాసువే, కానీ మా నాయనమ్మ పనిచేసింది ఫ్యాక్టరీలో కాదు, ఊడుపుల్లో. 1961లో దేశమంతటికీ 12 వారాలన్నారు, అప్పుడూ బురదకి హాజరుపట్టీ లేదు.

మా అమ్మ నన్ను కన్న పదహారో రోజుకే ముఠాతో చేలోకి దిగింది. ఎకరానికి ఇంతని ఒప్పుకున్నాక ఒక మనిషి తగ్గితే మిగతావాళ్ల నడుములు విరుగుతాయి, అందుకని ఎవరూ రమ్మనకపోయినా వెళ్లిందట. గట్టు మీద రెండు కొబ్బరి చెట్లకి చీర ఉయ్యాల, అందులో నేను. నేను ఏడిస్తే తన రవిక తడిసిపోయేదట, చేతిలో నారు కట్ట, మోచేతుల దాకా బురద, వచ్చి ఎత్తుకోవాలంటే ముందు కాలవలో చేతులు కడుక్కోవాలి. ఆ ఉయ్యాలే మా అంగన్‌వాడీ, ఆయ్.

1995లో మీ అన్నగారొకరు, అంటే మీకు ముందటి పథకం, 300 పట్టుకుని బయల్దేరారు, 1998కి 500 అయ్యారు. 2010లో ఇంకొకరు 4,000 తెచ్చారు గానీ కొన్ని జిల్లాలకే. 2013 ఆహార భద్రత చట్టం ఆరు వేలకి తగ్గకూడదని రాసేసింది. 2017లో మీరొచ్చి ఐదే చేతిలో పెట్టి, ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష సొమ్ముతో కలిపితే సగటున ఆరు వేలన్నారు. సగటున! మా కొట్టు శెట్టిగారికి కూడా సగటున బాకీ తీర్చేశానని చెప్పమంటారా అండి?

మా మరదలికి పెద్దపిల్లప్పుడు మీ రెండో కిస్తీ ఎక్కడ పడిందో వెతకడానికే నెల పట్టింది. ఎప్పుడో పెళ్లికి ముందు తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడింది, ఆధార్ దానికే తగులుకుని ఉందట. సరే తీద్దామని వెళ్తే వేలిముద్ర పడదు. మిషన్ మీద వేలు పెట్టడం, తుడవడం, చీర కొంగుతో రుద్దడం, మళ్లీ పెట్టడం. ఐసులో రొయ్యలు ఒలిచీ ఒలిచీ గీతలు అరిగిపోయాయి మరి. ఆ కుర్రాడు "ఓ వారం పని మానేసి రండి అక్కా, పడుతుంది" అన్నాడు. పోయిన కూలికి పరిహారం తీసుకోవడానికి ఇంకో వారం కూలి పోగొట్టుకోవాలన్నమాట! డబ్బు చేతికొచ్చేసరికి పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది.

ఇప్పుడు మళ్లీ నెలలు. రెండో కాన్పుకి ఆడపిల్లైతేనే ఆరు వేలిస్తామని 2022 నుంచి మీ రూలు. ఆడపిల్లల్ని బతకనివ్వాలనేగా, మంచిదే, కాదన్ను. కానీ మగపిల్లాడు పుడితే పచ్చి బాలింత ఐసు గదిలో నిలబడినా ఫర్వాలేదా అండి?

ఎవరు పుట్టేదీ స్కానింగులో అడగకూడదు, మేం అడగం. పుట్టాక మేమే కబురు పెడతాం. అబ్బాయైతే మీరు శ్రమపడి రానక్కర్లేదు, చీర ఉతికి పెట్టే ఉంచాం.

ఇట్లు,
పిల్ల మేనత్త