తలకాయ తెచ్చినావు, కాళ్లేవీ?

మా ఇంట్లో ఆదివారం పూట 'తలకాయ తెచ్చినా' అనకూడదు. పోయిన వేసవిలో నోరు జారి అన్నాను. వెంటనే జేజి వెల్లుల్లి ఒలవడానికి కూర్చుంది. మా ఆవిడ సంగటికి ఎసరు పెట్టింది. నేను హాల్లో అట్టపెట్టె విప్పి, నల్లగా నిగనిగలాడే కిలోన్నర లోహపు ముద్దను బయటికి తీశాను. వెనక జానెడు పొడుగు పిడి. జేజి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం తలకాయరా, నాలిక ఒక్కటే కనపడతాండాది" అంది. వెల్లుల్లి చేట పక్కనపెట్టి లేస్తూ ఇంకో మాట అడిగింది. "సరే, తలకాయ తెచ్చినావు. కాళ్లు యాడ?"

ఆ రోజు నవ్వాను. కెమెరాను మూడు కాళ్ల మీద నిలబెట్టే ట్రైపాడ్ గురించి నాకు అందిన సలహాలన్నిటిలో అదొక్కటే పనికొచ్చేదని తెలియడానికి 14,000 రూపాయలు, గండికోటకు మూడు ప్రయాణాలు ఖర్చయ్యాయి.

అయినా ఈ వ్యాసం ఉద్దేశం ఏడుపు కాదు, లోకకల్యాణం. కడప జిల్లాలో కొండలూ కోటలూ ఫోటోలు తీసే ప్రతి ఒక్కరూ వీడియో వాళ్ల కోసం చేసిన ఫ్లూయిడ్ హెడ్డే, అంటే ట్రైపాడ్ కాళ్ల పైన కెమెరాను పట్టుకుని తిప్పే ఇలాంటి తలకాయే, కొనాలని సవినయంగా వాదించబోతున్నాను.

ఫ్లూయిడ్ హెడ్డంటే మరేమీ లేదు, లోపల చిక్కటి గ్రీజు. పలకల మధ్య ఆ గ్రీజు ఉండబట్టి కెమెరాను పక్కకు తిప్పినా, పైకీ కిందికీ వంచినా కుదుపు లేకుండా జారినట్టు కదులుతుంది. పెళ్లి వీడియోలో కెమెరా వధువు ముఖం మీద నుంచి తలంబ్రాల పళ్లెం మీదుగా వరుడి దగ్గరికి మెత్తగా పోయేది ఇందువల్లే. మరి గండికోట? ఆ ఎర్రరాళ్లు ఇంతవరకు ఎటూ పోలేదు, పోయే ఉద్దేశమూ కనిపించదు. కదలని కొండను కదలకుండా తీయడానికి, అందంగా కదలడమే పనిగా పుట్టిన యంత్రాన్ని కొనడంలో ఉన్న తత్వం సామాన్యులకు అందదు. మా ఆవిడకు అందలేదు.

అసలు తప్పంతా నా పాత బాల్ హెడ్డుది. గుండు మీద కెమెరా ఎటైనా తిరిగే రకం అది. దానికి ఒకటే మర. వదులు చేస్తే కెమెరా తాగినోడి తలలా ఎటంటే అటు వాలిపోతుంది. సరిగ్గా పెట్టి బిగిస్తే, బిగిసే ఆ ఒక్క క్షణంలో కాస్త కిందికి దిగుతుంది. పెన్న గండిలో పొద్దుటి వెలుగు రాళ్ల అంచులకు అంటుకునేది రెండు మూడు నిమిషాలే. ఆ కాసేపూ నేను ఎంత దిగుతుందో లెక్కేసి, అంత పైకి పెట్టి బిగించి, లెక్క తప్పి, మళ్లీ విప్పుతూ గడిపేవాణ్ని. దిగుబడి అంటే శనక్కాయకే అనుకుంటారు గానీ, బాల్ హెడ్డుకూ ఉంటుంది. దాని దిగుబడి ఏ కరువులోనూ తగ్గదు.

అందుకని కొత్త తలకాయతో నాలుగు గంటలకే లేచి జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాను. పెట్టె మీద 8 కిలోలు మోస్తుందని రాసి ఉంది. అది మోతకు సంబంధించిన మాట. లోపల కెమెరా బరువును నిలబెట్టడానికి ఒక స్ప్రింగు ఉంటుందనీ, నా దాంట్లో దాన్ని 4 కిలోలకు లెక్కగట్టి బిగించారనీ, తగ్గించే వీలు లేదనీ లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నా కెమెరా, లెన్సు కలిపి కిలో పావు. సూర్యుడు వచ్చాడు. కెమెరాను గండిలోకి వంచి చేయి తీశాను. కెమెరా ఏ కుదుపూ లేకుండా, ఎంతో హుందాగా, మెల్లగా తల పైకెత్తి నేరుగా దిగంతం వైపు చూసింది. పాతది వంగి దండం పెట్టేది, కొత్తది నన్ను లెక్కచేయడం మానేసింది.

"బిగించుకోవచ్చు కదా" అంటారు. బిగించాను. బిగించాక లోపల గ్రీజు ఉన్నా ఒకటే, ఆముదం ఉన్నా ఒకటే. ఏ గుణానికి 14,000 పోశానో, ఫోటో తీసే క్షణంలో దాన్ని నా చేత్తోనే ఆపేయాలి.

ఇంతలో ఒక కుర్రాడు వచ్చాడు. వెనకాల కాబోయే దంపతులు, గాలికి ఎగిరే పొడుగాటి గౌను. "అన్నా, వీడియోకు రేటెంత? డ్రోన్ గూడా ఉండాదా?" ఆ పిడి చేసే పని అది. బాల్ హెడ్డుతో పదేళ్లు తిరిగినా నన్ను ఎవరూ పలకరించలేదు. పిడి చేతికి రాగానే వృత్తి నిపుణుణ్ని అయిపోయాను. నేను స్టిల్సు తీస్తానని చెబితే జాలిగా చూసి, "స్టిల్సయితే ఫోన్లో తీసుకుంటాంలేన్నా" అని వెళ్లిపోయాడు.

తర్వాత మసీదు మినార్ల దగ్గరికి పోయాను. మినారుకు నిలువు ఫోటో కావాలి. ఫ్లూయిడ్ హెడ్డు పక్కకు ఒరగదు. వీడియో వాడికి ఆ అవసరం లేదు కాబట్టి చేసినవాడు ఆ కీలే పెట్టలేదు. నిలువుగా కావాలంటే కెమెరాకు ఎల్ ఆకారపు ప్లేటు కొనాలి. అది పట్టాలంటే తలకాయ మీది బిగింపు ఆర్కా అనే 38 మిల్లీమీటర్ల కొలత రకం కావాలి. నాది కాదు, కాబట్టి అదీ కొనాలి. ఇక కింది భాగం మట్టంగా లేకపోతే పక్కకు తిప్పిన కొద్దీ దిగంతం ఏటవాలైపోతుంది. వీడియో కాళ్లకు పైన 75 మిల్లీమీటర్ల గిన్నె ఉంటుంది, వదులు చేసి మట్టం చూసుకుని బిగిస్తారు. నావి పైన త్రీ బై ఎయిట్ బోల్టు మాత్రమే ఉన్న మామూలు కాళ్లు. గండికోటలో చేటంత మట్టమైన చోటు దొరకదు. బండ మీద గొంతుక్కూర్చుని ఒక్కో కాలూ పొడుగు చేస్తూ, కురచ చేస్తూ నేను చేసిన కసరత్తు ఆ దంపతులు వీడియో తీసుకున్నారు. గోచీని ఎలుక కొరికిందని పిల్లిని, పిల్లికి పాలకని ఆవును, ఆవుకు గడ్డి వేయడానికని పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి నాకు ఆ బండ మీదే సరిగ్గా అర్థమయ్యాడు.

గండిలోంచి గాలి లేచింది. పైన కిలోన్నర తలకాయ, కింద వెదురుపుల్లల్లాంటి కాళ్లు. మొత్తం ఊగింది. జేజి గుర్తొచ్చింది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. చవక రకాల్లో ఫ్లూయిడ్ అనేది పేరుకే, చాలావాటిలో రాపిడి బిళ్లలూ వాటికి పూసిన గ్రీజూ ఉంటాయి. మే నెల మధ్యాహ్నం కారు డిక్కీలో వదిలేస్తే ఆ గ్రీజు పలచబడుతుంది. పొద్దున బెల్లంపాకంలా కదిలింది, మధ్యాహ్నానికి మజ్జిగలా కదిలింది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. బ్రహ్మంసాగర్ గట్టు మీద ఒక స్నేహితుడి పెద్ద లెన్సు అరువు తీసుకుని దీనికి తగిలించాను. లెన్సుకే కాలర్, అంటే ట్రైపాడ్‌కు బిగించే కట్టు ఉంది, కాబట్టి ప్లేటు ముందుకూ వెనక్కూ జరిపి తూకం కుదిర్చాను. నిలువు ఫోటోకు కాలర్‌లోనే తిప్పుకోవచ్చు. బరువు మూడున్నర కిలోలు దాటింది. చేయి తీస్తే ఎక్కడిదక్కడే నిలిచింది. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుని పక్క మొద్దు మీదికి ఎగిరితే, పిడి ఒక్క వేలితో జరిపితే చాలు, వెంట పోయింది. బాల్ హెడ్డుతో ఇది కాని పని. లెన్సు తిరిగి ఇచ్చేయాల్సి రావడమొక్కటే ఇబ్బంది.

అలాగని పిట్టల కోసం దీన్ని కొనబోయేవారు మన కలివికోడిని తలుచుకోవాలి. 1900లో అనంతపురం దగ్గర కనబడి మాయమైన ఆ పిట్ట మళ్లీ దొరికింది 1986లో, సిద్ధవటం దగ్గర. పట్టింది ఊరి మనిషి, రాత్రిపూట టార్చి వేసి, చేత్తో. తర్వాత పరిశోధకులు అడవిలో ఇసుక పరిచి దాని అడుగుజాడలు వెతికారు, పొదల్లో వాటంతటవే క్లిక్కుమనే కెమెరాలు పెట్టారు. ఫ్లూయిడ్ హెడ్డు కోసం ఆ పిట్ట ఎదురుచూసిన దాఖలా లేదు.

కెమెరా అంగట్లో నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న, బడ్జెట్ ఎంత అని. ఏం తీస్తావు, ఏ లెన్సు, కింద ఏముంది, ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మొన్న ఆదివారం ఇంట్లో పాత బాకీ తీర్చడానికి మటన్ అంగడికి పోయాను. "తలకాయ ఇయ్యన్నా" అన్నాను. ఆయన కత్తి నూరడం ఆపి నా వైపు చూశాడు.

"ఎంతమందికి? కాల్చి ఇయ్యాల్నా? కాళ్లు ఉండాయా, అవి గూడా కట్టమంటావా?"