ఈ నీరు నేను తాగి తెచ్చుకున్నది కాదు

ఇంకా చేతులు వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి, రేపటికి ఈ కోపం చల్లారిపోతే రాయను.

ఈ రోజు ఒక ఆఫీసులో సంతకం కోసం వరుసలో నిలబడ్డాను. గుండె బలహీనమై నాకు ఒంట్లో నీరు చేరుతుంది, అందుకే పొద్దున నీరు తీసే మాత్ర వేసుకున్నాను. అది వేసుకున్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. గంటలోపే మూత్రం మొదలవుతుంది, ఆరేడు గంటలు వదలదు. వచ్చిందంటే ఆపుకోవడం మన చేతిలో ఉండదు. బాత్రూము ఎక్కడని అడిగాను. సిబ్బందికి మాత్రమే అన్నారు. గుండె జబ్బు ఉందని, మాత్ర వేసుకున్నానని పదిమంది ముందు చెప్పుకున్నాను. అయినా తాళం ఇవ్వలేదు. సరే, అది నియమం అనుకుందాం. నా వెనకాల నిలబడిన పెద్దమనిషి "ఇంటి నుంచి వచ్చేటప్పుడు నీళ్ళు తక్కువ తాగి రావలసింది అమ్మా" అన్నాడు. ఆ మాటే నాకు ఇంకా మింగుడు పడడం లేదు.

అయ్యా, నేను తాగేది కొలిచే తాగుతాను. డాక్టరు రోజుకు లీటరున్నర అన్నారు. అందులోనే మాత్రలకు నీళ్ళు, అందులోనే మిగతా తాగేవన్నీ. నోరు ఎండిపోతే పుక్కిలించి ఉమ్మేస్తాను, మరీ ఆగలేకపోతే చిన్న ఐసు ముక్క నోట్లో వేసుకుంటాను. ఎండాకాలం మధ్యాహ్నం గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసా?

ఈ నీరు తాగడం వల్ల వచ్చింది కాదు. గుండె బలంగా నెట్టలేకపోతే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువైందని అవి పొరబడి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఒంట్లో పుట్టే హార్మోన్లు ఇంకా పట్టుకోమంటాయి, పైగా దాహం కూడా పెంచుతాయి. అంటే తాగకూడని మనిషికి దాహం పుట్టించేది కూడా ఈ జబ్బే. ఇంత జరుగుతుంటే తప్పు మాత్రం రోగి నోటిదే అవుతుంది.

సాయంత్రం మేజోళ్ళు విప్పినప్పుడు ఎవరైనా వచ్చి నా కాళ్ళు చూడాలి. సాగే పట్టీ ఉన్నచోట గాడి పడి ఉంటుంది. బొటనవేలితో ముంగాలి ఎముక మీద నొక్కితే సొట్ట పడుతుంది, వేలు తీశాక కూడా అది అలాగే ఉండి మెల్లగా పూడుతుంది. రాత్రి పడుకోగానే పగలంతా కాళ్ళలో దిగిన నీరు మళ్ళీ రక్తంలోకి వచ్చి ఊపిరితిత్తుల మీద పడుతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, దిండు మీద దిండు పెట్టుకోవాలి. కొన్ని రాత్రులు కుర్చీలోనే తెల్లవారుతుంది. నిద్ర పట్టినా మూత్రానికి లేవాలి. మర్నాడు ఎవరో ఒకరు "ఇంట్లో ఉండేదానికి ఇంత నీరసమెందుకు" అంటారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా పిన్ని చూసినప్పుడల్లా "కాస్త ఒళ్ళు చేశావు, కోలుకున్నట్టే" అంటుంది. పిన్నీ, అది కండ కాదు. కిలో నీరంటే దాదాపు లీటరు. ఒక్క రోజులో కిలో, కిలోన్నర పెరిగినా, వారంలో రెండు కిలోలు దాటినా డాక్టరుకు ఫోను చేయాలి. అందుకే రోజూ పొద్దున మూత్రానికి వెళ్ళివచ్చి, ఏమీ తినకముందు, అదే కాటా మీద, అలాంటి బట్టలతోనే తూచుకుని పుస్తకంలో రాసుకుంటాను. నువ్వు సంతోషపడే ఆ బరువు చూసి నేను భయపడతాను. చేతుల్లో, భుజాల్లో కండ కరుగుతున్నది నీటి మాటున కనబడడం లేదు, అంతే.

సలహాలకైతే లోటే లేదు. "నీళ్ళు బాగా తాగితే లోపలున్న నీరంతా పోతుంది" అనేవాళ్ళు ఉన్నారు. "మామూలు ఉప్పు మానేసి సోడియం తక్కువున్న ఉప్పు వాడు" అనేవాళ్ళు ఉన్నారు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. గుండె జబ్బుకు ఇచ్చే స్పిరనోలాక్టోన్ లాంటి మాత్రలు అసలే పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతాయి, అవి వేసుకునేవాళ్ళకు అది ఇంకా పెరిగిపోతే గుండె లయే తప్పుతుంది. చెప్పినవాళ్ళు చెప్పి వెళ్ళిపోతారు. ఆసుపత్రిలో పడుకునేది మనం.

బాత్రూము దొరకదన్న భయంతో బయటికి వెళ్ళే రోజు మాత్ర మానేసేవాళ్ళు ఎంతమందో. వాళ్ళను నేను ఒక్క మాట అనను. కానీ మానకండి. తిరిగి వచ్చాక వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, చాలామందికి వేళ మార్చుకోనిస్తారు. అయినా ఒక తలుపు తాళం కోసం మందు వేళ మార్చుకోవలసి రావడమే అన్యాయం.

అసలు కోపం నాకు ఆ పెద్దమనిషి మీద కూడా కాదేమో. వాపు పెరిగి డాక్టర్ల దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే: "ఉప్పు తిన్నారా?" దొంగను పట్టుకున్నట్టు అడుగుతారు. ఒకసారి పొట్ట వరకు ఉబ్బిపోయింది. పేగులకు కూడా వాపు వస్తే మింగిన మాత్ర సరిగా ఒంటికి పట్టదు, అందుకే చేర్చుకుని నరంలోకి ఎక్కించారు. అక్కడా అదే విచారణ. తినలేదు మహాప్రభో అంటే నమ్మలేదు. మా ఇంట్లోవాళ్ళు కూడా నన్నే అనుమానంగా చూశారు. చివరికి ఒక చిన్న డాక్టరమ్మ నా సంచిలోని మాత్రలన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటి చదివింది. మోకాళ్ళ నొప్పికని వేరే డాక్టరు రాసిన డైక్లోఫెనాక్ దొరికింది. అలాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు వెళ్ళే రక్తం తగ్గించి ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, నీరు తీసే మాత్రను సరిగా పని చేయనివ్వవు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు వాటికి దూరంగా ఉండాలి. అది రాసిన డాక్టరు ముందు నా గుండె మందుల జాబితా ఉంది. నేనే చేత్తో ఇచ్చాను. ఆయన చూడలేదు.

ఉప్పు తిన్నావా అని నన్ను అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా, ఆ మాత్ర ఎందుకు రాశావని ఆయనను అడగలేదు. ఆ మాత్ర రాసిన చీటీ నా ఫైలులో అన్నిటికంటే పైన పెట్టాను. ఎవరైనా ఉప్పు మాట ఎత్తితే ముందు అదే తీసి చేతికిస్తున్నాను.